కార్తీక్‌ని బతకనివ్వు

అమ్మాయ్,

నీ నాటిక అందింది. కూర్చున్న చోటు నుంచి లేవకుండా చదివాను. ఆఖరి పేజీకి వచ్చేసరికి ఒళ్ళు మండింది. కోపం చల్లారాక జవాబు రాద్దామని పక్కన పెట్టాను, చల్లారలేదు. నన్ను మాస్టారూ అని పిలిచావు కనక ఆ చనువుతోనే అడుగుతున్నాను. కార్తీక్‌ని ఎందుకు చంపావు?

వాడికి డాలస్ పక్కన ప్లేనోలో ఇల్లుంది. చేతినిండా పనుంది. కలిసి బతుకుతున్న మనిషి ఉన్నాడు. గ్యారేజీ ఎవరు శుభ్రం చెయ్యాలని ఆ మనిషితో తగువు కూడా ఉంది. ఖమ్మం నుంచి తల్లి విజిటర్ వీసా మీద వచ్చింది. ఇంత సరంజామా చేతిలో పెట్టుకుని ఏం చేశావు? మూడో సీనులో కొడుకుని తల్లి కాళ్ళ దగ్గర కూర్చోబెట్టి తను గే అన్న సంగతంతా చెప్పించావు, పేజీలకి పేజీలు. నాలుగో సీనులో ఒక డాక్టరు వచ్చి ఇది రోగం కాదని ఉపన్యాసం ఇచ్చాడు. ఐదో సీనుకి కార్తీక్ లేడు. వాడి ఫొటోకి దండ వేసి ఉంది. తల్లి గుండెలు బాదుకుంటూ లోకాన్ని నిలదీసింది. తెర.

రెండో సీనులో అదే తల్లి ఖాళీ ఐస్‌క్రీం డబ్బాల్లో కూరలు సర్ది ఫ్రీజర్లో పెడుతూ, "వంకాయ మీ రూమ్మేటు ముట్టడు కదా, అతనికి దొండకాయ వేయించి వేరే పెట్టా" అంటుంది. అక్కడ నాకు కళ్ళు చెమర్చాయి. ఆమెకి అంతా తెలుసు. తెలిసినదాన్ని ఏం చేసుకోవాలో తెలియక దొండకాయలు తరిగింది. ఆ మాట రాసిన చెయ్యి నాటకం రాయగలదు. పొగడ్త ఇంతటితో సరి. అలాంటి మాట రాసినదానివి, మరుసటి సీనుకే ఆమెకి ఏమీ తెలియనట్టు మొహం పెట్టించావు. ఉన్న తల్లిని చెరిపేసి, సినిమా తల్లిని తెచ్చి నిలబెట్టావు.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఒప్పుకోలు నాటకం కాదు. నేను ఫలానా అని ఒక మనిషి చెప్పుకోవడం వార్త, అంతే. ఆ వార్త పడ్డ ఇంట్లో మర్నాడు పొద్దున కాఫీ ఎవరు కలుపుతారు, అక్క పెళ్ళిలో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు, ఇంటి అప్పు మీద ఎవరి సంతకం ఉంటుంది, అక్కడుంది నాటకం. ఒప్పుకోలు సీను మొదలైన క్షణం నుంచీ కొడుకు ముద్దాయి, తల్లి జడ్జీ, హాల్లో జనం జ్యూరీ. ఇక వాడికి సొంత కోరికంటూ ఉండదు, తీర్పు కోసం చూడటమే పని. తీర్పు రెండు రకాలే, విడుదల లేదా ఉరి. నువ్వు ఉరి వేశావు. విడుదల చేసినా నాకు ఇంతే కోపం వచ్చేది. తల్లి కౌగిలించుకుని క్షమించేసే ముగింపు నా దగ్గరికి చాలా వస్తుంది. అదీ కోర్టే.

అమెరికన్ నాటకం ఈ కోర్టు నుంచి బయటపడటానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. అది ఉత్త పోలిక కాదు, అక్కడ నిజంగానే కోర్టులున్నాయి. షోలెం ఆష్ యూదుల భాష యిడ్డిష్‌లో రాసిన 'గాడ్ ఆఫ్ వెంజెన్స్' 1907లో బెర్లిన్‌లో ఆడింది. తండ్రి కింది అంతస్తులో వేశ్యాగృహం నడుపుతాడు, పై అంతస్తులో కూతుర్ని పవిత్రంగా పెంచుతున్నాననుకుంటాడు. ఆ పిల్ల కింద ఉన్న ఒక అమ్మాయిని ప్రేమిస్తుంది. ఇద్దరూ వానలో తడిసి వచ్చే సీను ఆ నాటకానికి ప్రాణం. 1923లో ఇంగ్లీషులో, న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలున్న బ్రాడ్‌వేకి వచ్చినప్పుడు నిర్మాతనీ నటీనటుల్నీ అశ్లీలం కింద పట్టుకుని దోషులని తేల్చారు. పై కోర్టు ఆ తీర్పుని తరవాత కొట్టేసింది. నటులు కోర్టు బోనెక్కారు గానీ, చూడు, ఆష్ ఆ ఇద్దరు ఆడపిల్లల్నీ చంపలేదు. పాలా వోగెల్ ఈ కథనంతా 'ఇండీసెంట్' అనే నాటకంగా రాస్తే అది 2017లో బ్రాడ్‌వేకి వచ్చింది. నీకు ముందుగా చదవమని చెప్పేది అదే.

1927 ఫిబ్రవరిలో పోలీసులు మళ్ళీ దాడి చేశారు. ఒక పెళ్ళయిన ఆడమనిషి మరో ఆడమనిషి కోసం తపించే 'ద కాప్టివ్' అనే నాటకాన్ని ఆపేశారు. మే వెస్ట్ రాసిన 'ద డ్రాగ్' కనెక్టికట్‌లోనూ న్యూజెర్సీలోనూ ఆడి బ్రాడ్‌వే గడప తొక్కకుండానే ఆగిపోయింది. ఆ ఏడాదే న్యూయార్క్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. వాళ్ళ భాషలో 'లైంగిక వికృతి'ని చూపించిన నాటకం ఏదైనా సరే, ఆడిన హాలుకి ఏడాది దాకా తాళం వెయ్యొచ్చు. తాళం చట్టం అనే జనం పిలిచారు. అది 1967 దాకా పుస్తకాల్లో ఉంది.

ఆ తాళం చట్టం నీడలో, 1934లో లిలియన్ హెల్మన్ 'ద చిల్డ్రన్స్ అవర్' రాసింది. ఇద్దరు టీచర్లు కలిసి ఆడపిల్లల బడి నడుపుతుంటారు. ఒక విద్యార్థిని వాళ్ళ మీద అబద్ధం పుట్టిస్తుంది. బడి మూతపడుతుంది. ఆఖర్న మార్తా అనే టీచరు తనలో నిజంగానే అలాంటి ప్రేమ ఉందని స్నేహితురాలితో చెబుతుంది. చెప్పిన కాసేపటికే పక్క గదిలో తుపాకీ పేలుతుంది. ఆ తరవాత, వినుకో, అబద్ధం నమ్మి వాళ్ళని నాశనం చేసిన ముసలావిడ వచ్చి, తప్పయిపోయింది, నిజం తెలిసింది అంటుంది. ఒప్పుకోలు, చావు, పశ్చాత్తాపం. నీ ఐదో సీను అచ్చంగా ఇదే వరసలో నడిచింది. ఆ నాటకం 691 ప్రదర్శనలాడింది, బోస్టన్‌లో నిషేధించారు. హెల్మన్‌కి తలుపు దగ్గర తాళం పట్టుకున్న ప్రభుత్వం ఉంది. శిక్ష పడితే తప్ప ఆ ప్రేమ వేదిక ఎక్కే వీలు లేదు. నీ తలుపు దగ్గర ఎవరున్నారు?

టెనెసీ విలియమ్స్ ఇంకో దారి పట్టాడు. ఆయన నాటకాల్లో మగవాణ్ణి ప్రేమించిన మగవాడు తెర లేవకముందే పోయి ఉంటాడు. 'స్ట్రీట్‌కార్'లో బ్లాంచ్ భర్త అలన్, 'క్యాట్ ఆన్ ఎ హాట్ టిన్ రూఫ్'లో బ్రిక్ స్నేహితుడు స్కిప్పర్, 'సడెన్లీ లాస్ట్ సమ్మర్'లో సెబాస్టియన్. ముగ్గురూ శవాలే. బతికున్నవాళ్ళు వాళ్ళ గురించి మాట్లాడతారు, వాళ్ళు మాట్లాడరు. విలియమ్స్ అంటే నాకు ప్రాణం. ఆయన కూడా గేనే, ఆయన బతికిన కాలంలో అంతకంటే ఎక్కువ చెప్పనివ్వలేదు. 1966లో న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు ఒకాయన ఇలాంటి రచయితలు మారువేషాల్లో రాస్తున్నారని పెద్ద వ్యాసమే రాశాడు. వేషం వేసుకోక తప్పని లోకాన్ని పట్టించుకోకుండా, వేషం వేసుకున్నవాళ్ళని పట్టుకున్నారు. మనిషిని మూలకి నెట్టి, మూలనెందుకున్నావని అడిగే విమర్శ మన భాషలోనూ నేను చాలా చదివాను.

1968లో మార్ట్ క్రౌలీ 'ద బాయ్స్ ఇన్ ద బ్యాండ్'తో తలుపు తన్నుకుని లోపలికి వచ్చాడు. ఒక పుట్టినరోజు పార్టీ, దాదాపు అందరూ గే స్నేహితులే, ఎవరూ చావరు. వెయ్యికి పైగా ప్రదర్శనలాడింది. అందులో వాళ్ళొక ఆట ఆడతారు. ఒక్కొక్కడూ తను నిజంగా ప్రేమించిన మనిషికి ఫోన్ చేసి ఆ మాట చెప్పాలి, చెప్పినదాన్ని బట్టి మార్కులు. చూస్తుంటే కడుపులో దేవుతుంది. ఒప్పుకోలు ఎంత క్రూరమైన ఆటో క్రౌలీకి తెలుసు, మార్కులు వేసి మరీ చూపించాడు. స్టోన్‌వాల్ బార్ మీద పోలీసు దాడికి గే జనం తిరగబడటానికి ముందు ఏడాది వచ్చిన నాటకం అది. తరవాత చాలామంది గే యువకులే దాన్ని ఏవగించుకున్నారు, ఇంత ఏడుపు మాకొద్దన్నారు. 2018లో బ్రాడ్‌వేలో మళ్ళీ ఆడినప్పుడు నేను చూశాను. ఏడుపు అలాగే ఉంది. గది నిండా బతికున్న మనుషులూ అలాగే ఉన్నారు.

మార్కులంటే గుర్తొచ్చింది. నీ చావు సీను ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మన నాటక పరిషత్తుల పోటీల నుంచి వచ్చింది. నేనూ ఆ మట్టిలోనే పెరిగాను. తెనాలి చుట్టుపక్కల రాత్రంతా నాటికలు చూసి తెల్లవారి బస్సెక్కినవాణ్ణి. గంట నాటికలో ఆఖరి పది నిమిషాల్లో ఎవరో ఒకరు పోవాలి, పోయాక ఎవరో ఒకరు సమాజాన్ని ఉద్దేశించి మాట్లాడాలి, ముందు వరసలో న్యాయనిర్ణేతలు పెన్ను కదపాలి. గొప్ప నటుల్ని చూశాను అక్కడ. ఆ నటుల్నే ఈ సూత్రం ఏళ్ళ తరబడి ఒకే ఏడుపు ఏడిపించింది. ఒక పరిషత్తులో నా నాటిక చూసిన పెద్దమనిషి, అంతా బాగుందోయ్, ఆఖర్న కదిలించలేదు, ఆ ముసలాణ్ణి పంపించెయ్యి, ప్రైజు నీదే అన్నాడు. ముసలాణ్ణి పంపించలేదు, ప్రైజూ రాలేదు. ఇప్పటికీ ఆ ముసలాడు నా కాగితాల్లో బతికే ఉన్నాడు.

ఆ డాక్టరు పాత్రని పూర్తిగా తీసెయ్. 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ప్రేమని జబ్బుల జాబితాలోంచి తీసేసిందనీ, 2018 సెప్టెంబర్ 6న మన సుప్రీంకోర్టు దాన్ని నేరమన్న 377వ సెక్షన్ మీద తీర్పిచ్చిందనీ ఆయన చేత చెప్పించావు. రెండూ నిజాలే. కానీ ఆయనకి ఆ ఇంట్లో పనేమిటి? ఏం కావాలి? ఈమధ్య ఎవరిని చూసినా అవగాహన నాటికలే. గే జనం పండగ చేసుకునే ప్రైడ్ నెల జూన్ వచ్చేసరికి ఒక డాక్టరో కౌన్సిలరో వేదికెక్కి పాఠం చెప్పేస్తారు, నిర్వాహకులు శాలువా కప్పుతారు, అందరూ మంచి పని చేశామనుకుని ఇంటికెళతారు. గే మనిషిని ఒక సమస్యగా మార్చి పరిష్కారం చెప్పడం కూడా అతన్ని వేదిక మీంచి దింపెయ్యడమే. లారీ క్రేమర్ 'ద నార్మల్ హార్ట్'లోనూ ఒక డాక్టరమ్మ ఉంది, చక్రాల కుర్చీలో. ఆమె పాఠం చెప్పడానికి రాలేదు. తన కళ్ళ ముందు కుర్రాళ్ళు రాలిపోతున్నారు, పరిశోధనకి డబ్బు అడిగితే ఇవ్వలేదు. ఆ కోపంతో ఊగిపోతుంది. అలాంటి డాక్టరైతే పెట్టు.

ఆ నాటకం గురించి కొంచెం చెప్పనీ. 1985 ఏప్రిల్‌లో న్యూయార్క్ పబ్లిక్ థియేటర్‌లో మొదలైంది. గోడల నిండా ఎయిడ్స్ కేసుల లెక్కలు రాసి పెట్టారు. నేనప్పుడు న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి ఫార్మసీలో పనిచేసేవాణ్ణి. రెండేళ్ళకి, 1987 మార్చిలో, ఎయిడ్స్‌కి వాడే ఏజడ్‌టీ మందుకి అనుమతి వచ్చింది. ఏడాదికి పదివేల డాలర్ల దాకా అయ్యేది. నాలుగు గంటలకోసారి వేసుకోవాలి, రాత్రయినా పగలైనా. అందుకని జేబులో బీప్‌మనే మందుల డబ్బాలు పెట్టుకుని తిరిగేవాళ్ళు. నాటకానికి వెళితే చీకట్లో, హాల్లో అక్కడొకటి ఇక్కడొకటి ఆ డబ్బా మోగేది. ఎవరో లేచి నీళ్ళ కోసం బయటికి వెళ్ళేవాళ్ళు. వేదిక మీద మాట ఆగేది కాదు. మందు కౌంటర్లో నేను చూసిన మనుషులూ వేదిక మీద మనుషులూ ఒకటే అని నాకు అప్పుడు అర్థమైంది. వాళ్ళు నా ముందు ఎప్పుడూ ఏమీ ఒప్పుకోలేదు. ఇన్సూరెన్సు గురించి, మందు కడుపులో పడటం లేదన్న దాని గురించి, ఇంట్లో ఉన్నతనికి మందు పేరు రాసిమ్మన్న దాని గురించి మాట్లాడేవాళ్ళు.

'నార్మల్ హార్ట్'లోనూ చావుంది కదా అంటావు. ఉంది. కథానాయకుడు నెడ్ ప్రేమించిన ఫెలిక్స్ చచ్చిపోతాడు. సిగ్గుతో చావలేదు, రోగంతో చచ్చిపోయాడు. ఆ రోగాన్ని పట్టించుకోని మేయరునీ పత్రికల్నీ నాటకం పేరుపేరునా తిట్టింది. అందులో నాకు మరుపురాని చోటు మరణశయ్య కాదు. ఫెలిక్స్ తిండి మానేసి నేల మీద కూలబడి ఉంటాడు. నెడ్ అంగడి నుంచి సరుకుల సంచీ తెచ్చి, తినమని బతిమాలి, తిట్టి, ఆఖరికి ఒక్కొక్కటే నేలకేసి కొడతాడు. పాల డబ్బా పగులుతుంది. ఇద్దరూ ఆ పాలల్లో ఒకర్నొకరు పట్టుకుంటారు. ప్రేమంటే ఏమిటో ఎవరూ ఎవరికీ వివరించలేదు.

తల్లీకొడుకుల గురించి రాయాలనుకుంటే నీకు రెండు నాటకాలు చూపిస్తాను. హార్వీ ఫయర్‌స్టీన్ 'టార్చ్ సాంగ్ ట్రిలజీ' 1982లో బ్రాడ్‌వేకి వచ్చింది, మరుసటి ఏడాది బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ బహుమతిని ఉత్తమ నాటకంగా తీసుకుంది. మూడో భాగంలో ఫ్లోరిడా నుంచి తల్లి వస్తుంది. కొడుకు ఎలాంటివాడో ఆమెకి ఏనాడో తెలుసు, కాబట్టి ఒప్పుకోలు లేదు. కొడుకు ప్రేమించిన అలన్‌ని దుండగులు కొట్టి చంపారు. ఆ చావు రెండు భాగాల మధ్య జరిగిపోయింది, నాటకం దాని మీద ఆగలేదు. తల్లి కూడా భర్త పోయిన మనిషే. ఇద్దరికీ గొడవ ఎక్కడొచ్చిందంటే, తన దుఃఖమూ ఆమె దుఃఖమూ ఒకటేనన్నట్టు కొడుకు మాట్లాడతాడు, ఆమె మండిపడుతుంది. అన్నేళ్ళ కాపురమెక్కడ, నీ స్నేహమెక్కడ? ఎవరి ఏడుపుకి హక్కు ఎక్కువ అని ఇద్దరు వితంతువులు పోట్లాడుకుంటారు. మనింట్లో జరగని గొడవా ఇది? పదకొండో రోజు కర్మకి ఎవరు కూర్చోవాలని కొట్టుకునే జాతి మనది. ఇలాంటి సీను తెలుగులో రాయడానికి నీకంటే ఎవరికి ఎక్కువ సరుకుంది?

రెండోది టోనీ కుష్నర్ 'ఏంజెల్స్ ఇన్ అమెరికా'. 1993లో బ్రాడ్‌వేలో మొదటి భాగాన్ని నించుని చూశాను, సీటుకి డబ్బు చాలక. అందులో ఒప్పుకోలు ఉంది. మోర్మన్ అనే కట్టుబాట్ల క్రైస్తవ శాఖకి చెందిన జో అనే లాయరు తప్పతాగి, అర్ధరాత్రి దాటాక సెంట్రల్ పార్కులో పబ్లిక్ ఫోన్ నుంచి యూటాలో తల్లిని లేపి చెబుతాడు. నాటకమంతా కలిపి ఏడు గంటల పైమాటే, ఆ ఫోను కొన్ని నిమిషాలు. తల్లి విననట్టే మాట్లాడి, ఇంటికి పొమ్మని ఫోను పెట్టేస్తుంది. తరవాత ఆమె ఏం చేసిందో చూడు. ఇల్లు అమ్మేసి న్యూయార్క్ వచ్చేసింది! వచ్చి కొడుకుని బాగుచేసిందా? లేదు. ముక్కూమొహం తెలియని ప్రయర్ అనే ఎయిడ్స్ రోగిని ఆసుపత్రికి తీసుకెళ్ళి, పక్కన కూర్చుని, ఆఖరి సీనుకి అతని బలగంలో ఒకతె అయిపోయింది. కొడుకు ఆ సీనులో లేనే లేడు. ఒప్పుకోలు ఆమెని కదిపింది, కదిపి ఎవరూ ఊహించని చోటికి చేర్చింది. ఆ ప్రయర్ చావడు. మొదటి భాగం నుంచీ చావు బతుకుల్లో ఉన్నవాడు నాలుగేళ్ళ తరవాత కూడా సెంట్రల్ పార్కులో బెథెస్డా ఫౌంటెన్ దగ్గర నిలబడి మనతో మాట్లాడతాడు. 1993 చివర్న రెండో భాగం వచ్చినప్పుడు ఆ హాల్లో ఉన్నవాళ్ళకి అది ఎంత పెద్ద మాటో నీకు నేను చెప్పలేను. మందు కౌంటర్ ఇవతల ఉన్న నాకు తెలుసు.

నీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను బాధపెట్టింది. మొదట ఇద్దరు ఆడవాళ్ళ కథ అనుకున్నావనీ, మనవాళ్ళు అంతదూరం రారని మగవాళ్ళుగా మార్చావనీ రాశావు. అంటే సగం నాటకం నువ్వే కొట్టేసుకున్నావు. ఆడవాళ్ళ ప్రేమకి అమెరికాలోనూ పెద్ద వేదికలు ఆలస్యంగానే దొరికాయి. మగవాళ్ళు టోనీలు తెచ్చుకుంటున్న రోజుల్లో న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లో వావ్ కెఫే అని ఒక చిన్న చోటు ఆడవాళ్ళు కలిసి నడుపుకున్నారు. ఇతరుల నాటకానికి లైట్లు పట్టు, మేకులు కొట్టు, నీ వంతు వచ్చినప్పుడు వాళ్ళు నీకు పడతారు, ఇదీ పద్ధతి. అక్కడ పెరిగిన లీసా క్రాన్ 2015లో 'ఫన్ హోమ్'కి మాటలూ పాటలూ రాసి జనీన్ టెసోరీతో కలిసి టోనీ తీసుకుంది. కార్టూనిస్టు అలిసన్ బెక్‌డెల్ సొంత కథ అది. చిన్నపిల్ల అలిసన్ ఒక హోటల్లో సరుకు దింపడానికి వచ్చిన ఆడమనిషిని చూస్తుంది. పొట్టి జుట్టు, బూట్లు, నడుముకి తాళాల గుత్తి. ఆ పిల్ల నోరు తెరుచుకుని చూస్తూ ఆ తాళాల గుత్తి మీద ఒక పాట పాడుతుంది. తనేమిటో తనకింకా తెలియని వయసు. తనలాంటి మనిషి ఇంకొకరు లోకంలో ఉన్నారని మాత్రం తెలిసింది. హాల్లో నా చుట్టూ అందరూ ఏడ్చారు, ఆ సీనులో ఎవరూ చావకుండానే.

డయానా సన్ 'స్టాప్ కిస్' కూడా చదువు, 1998లో వచ్చింది. ఇద్దరు అమ్మాయిలు మొదటిసారి ముద్దు పెట్టుకున్న రాత్రే పార్కులో ఒకడు దాడి చేస్తాడు, ఒకమ్మాయి కోమాలోకి వెళుతుంది. రచయిత్రి కాలాన్ని ముక్కలు చేసి ముందూ వెనకా అల్లింది. దెబ్బల సంగతి మనకి మొదట్లోనే తెలుస్తుంది, ఆ ముద్దు ఆఖరి సీనులో వస్తుంది. దాడి జరిగింది, నిజమే, దాచలేదు. ఆఖరి మాట మాత్రం దాడికి ఇవ్వలేదు. సీన్ల వరస మార్చి అంత పని చేసింది. నీకు చావు సీను మీద అంత మమకారం ఉంటే కనీసం దాన్ని మొదటికి తెచ్చి చూడు, మిగతా నాటకం దానంతటదే మారిపోతుంది.

నా సంగతి ఒకటి చెబుతాను. ఎనభైల చివర్లో నేనూ ఒక నాటిక రాశాను, జెర్సీ సిటీలో కలిసి ఉంటున్న ఇద్దరు తెలుగువాళ్ళ గురించి. ఇండియాలో ఒక పత్రికకి పంపితే సంపాదకుడు, ఇది మనవాళ్ళలో లేని సమస్య, అమెరికా సరుకు ఇక్కడ దించకండి అని రాశాడు. ఇక్కడ ఒక తెలుగు సంఘం సాంస్కృతిక కమిటీ వాళ్ళు వేయిస్తామన్నారు, ఆఖర్న ఇద్దరిలో ఒకడికి పెళ్ళి చెయ్యాలి, లేదా ఒకడు పోవాలి. వెనక్కి తీసుకున్నాను. స్నేహితుడి ఇంటి బేస్‌మెంట్లో, మడత కుర్చీలు అద్దెకి తెచ్చి ఆడాం. అయిపోయాక అందరూ భోజనానికి పైకి వెళ్ళారు. ఒక పెద్దాయన మాత్రం నాతో పాటు కుర్చీలు మడత పెడుతూ ఉండిపోయాడు. నాటకం బాగుందనీ బాగాలేదనీ అనలేదు. చాలాసేపటికి, "ఆ తరవాత వాళ్ళిద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారంటారా?" అని అడిగాడు. ఉన్నారండీ అన్నాను. తల ఊపి ఇంకో కుర్చీ తీసుకున్నాడు. ఆయనెవరో, ఎందుకడిగాడో నేను అడగలేదు. ఒకడు పోవాలన్న ఆ కమిటీ మాట వినుంటే ఆయనకి నేనేం జవాబు చెప్పేవాణ్ణి? నీ నాటిక చూసే హాల్లోనూ ఆ పెద్దాయన ఉంటాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడూ ఉంటాడు, పక్కన అమ్మా నాన్నా కూర్చుని ఉంటారు. ఫొటోకి దండ వేసినప్పుడు వాళ్ళ అమ్మ వాడి వంక చూస్తుంది. వాడికి నువ్వేం చూపించినట్టు?

ఇంకో సంగతి. పాత్రల పట్టికలో కార్తీక్‌తో ఉంటున్నతనికి పేరు లేదు. "స్నేహితుడు" అని రాసి ఊరుకున్నావు. నాటిక మొత్తంలో అతనికి గుప్పెడు మాటలు కూడా లేవు. పేరు పెట్టు, ఉద్యోగం ఇవ్వు, తల్లి మీద అతనికున్న చిరాకు ఇవ్వు. ఆమె మూడు నెలలుగా వంటిల్లు ఆక్రమించింది, అతని కాఫీ మిషను ఎక్కడో దాచింది, అతను నోరెత్తలేకపోతున్నాడు. అక్కడ ఎంత నాటకం ఉందో చూశావా? అతను తెలుగువాడై ఉండాలా, అమెరికన్ అయితే నయమా అని అడిగావు. లాస్ ఏంజెలెస్‌లో ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్ 2014లో వేసిన మాధురీ శేఖర్ 'ఎ నైస్ ఇండియన్ బాయ్' చదువు. కొడుకు ఇంటికి తీసుకొచ్చినవాడు తెల్లవాడు, భారతీయ దంపతులు పెంచుకున్న పిల్లాడు, పెళ్ళి మనపద్ధతిలోనే కావాలంటాడు. ఆ ఒక్క మెలికతో ఇంట్లో అందరూ తమ గురించి తాము మాట్లాడుకోక తప్పదు. ఎవరైతేనేం, అతనికంటూ ఒక పట్టుదల ఉండాలి.

ఎవరైనా గొడవ చేస్తే అన్నావు. చేస్తారు. 1996లో నార్త్ కరోలినాలో షార్లట్ నగరంలో 'ఏంజెల్స్' వెయ్యబోతే అధికారులు అడ్డుపడబోయారు, థియేటర్ వాళ్ళు కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని ఆడారు. మరుసటేడు కౌంటీ వాళ్ళు ఆ ఊరి కళలకిచ్చే 25 లక్షల డాలర్లు కోసేశారు. అయినా నాటకం ఆడింది, జనం చూశారు. నీకు పెద్ద హాలు అక్కర్లేదు. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో జో చీనో అనే అతను 1958లో ఒక కాఫీ హోటలు తెరిచి, బల్లల మధ్యే నాటకాలు వేయించాడు. నటులకి జీతాల్లేవు, టోపీ తిప్పితే ఎంత పడితే అంత. తాళం చట్టం ఇంకా బతికున్న రోజుల్లోనే లాన్‌ఫర్డ్ విల్సన్ లాంటివాళ్ళు గే మనుషుల కథలు అక్కడ ఆడించారు. డాలస్‌లో గ్యారేజీలకి కొదవ లేదు.

మొన్నమొన్నటి నాటకం ఒకటి చెప్పి ఆపుతాను. జేమ్స్ ఐమ్స్ 'ఫ్యాట్ హ్యామ్', 2022లో పులిట్జర్ బహుమతి వచ్చింది. హామ్లెట్ కథే, అమెరికా దక్షిణాదిన ఒక నల్లజాతి కుటుంబం పెరట్లో మాంసం కాలుస్తూ చేసుకునే విందులో జరుగుతుంది. హామ్లెట్ ఇక్కడ గే కుర్రాడు. తండ్రి దయ్యం వచ్చి పగ తీర్చుకోమంటుంది. ప్రపంచంలో అందరికీ తెలుసు ఈ కథ శవాల గుట్ట మీద ముగుస్తుందని. ఈ కుర్రాళ్ళు అలా చావడం మాకిష్టం లేదంటారు. ఆఖరికి పార్టీ చేసుకుంటారు. షేక్‌స్పియర్ రాసిపెట్టిన చావునే కాదనగలిగారు, నువ్వు నీ చావుని కొట్టెయ్యలేవా?

తల్లి ఖమ్మం యాసలోనే మాట్లాడాలి, దాన్ని ముట్టుకోకు. మిగతా ప్రశ్నలు తరవాత చూద్దాం. తిరగరాసింది పంపేటప్పుడు పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైలు పంపు, పక్కన రాయడానికి వీలుంటుంది.

డిసెంబర్లో న్యూయార్క్ వస్తానన్నావు. లింకన్ సెంటర్లో పబ్లిక్ లైబ్రరీ వాళ్ళ ప్రదర్శన కళల శాఖ ఉంది. 1970 నుంచి బ్రాడ్‌వే నాటకాల్ని చిత్రీకరించి దాచిపెడుతున్నారు. ముందుగా చెప్పి రోజు ఖాయం చేసుకుంటే కూర్చోబెట్టి చూపిస్తారు, డబ్బు కట్టక్కర్లేదు. లైబ్రరీ కార్డు మాత్రం కావాలి. 'ఇండీసెంట్', 'ఫన్ హోమ్' రెండూ అడుగు. ఏ రోజు దొరికిందో చెబితే నేనూ రైలెక్కి వస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు